సుశ్రుతసంహితలో వైద్యవిద్యాభ్యాసక్రమం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రాచీన భారతీయ శస్త్రచికిత్సకు ఆకరగ్రంథమైన సుశ్రుతసంహిత వైద్యుడు తయారయ్యే క్రమాన్ని కూడా విస్తారంగా చెప్పింది. శిష్యుని ఎంపిక, ఉపనయనం, అధ్యయనం, అర్థవివరణ, యోగ్య, శవపరిశీలన, రాజానుజ్ఞ అనే మెట్లు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. నేర్చుకునేవాడి తప్పులకు రోగి బలికాకూడదన్న ఆలోచన ఈ క్రమానికి మూలసూత్రమని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఆ శిక్షణను కొందరికే పరిమితం చేసిన వర్ణనియమాన్ని, దాని పర్యవసానాలను కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సుశ్రుతసంహిత, చరకసంహిత, వైద్యవిద్య, యోగ్య, ఉపనయనం, శవపరిశీలన, హస్తవాసి.

1. ఉపోద్ఘాతం

తెలుగువారు మంచి వైద్యుణ్ణి మెచ్చుకోవలసి వచ్చినప్పుడు ‘ఆయన హస్తవాసి మంచిది’ అంటారు. వైద్యుణ్ణి ఎగతాళి చేయవలసి వచ్చినప్పుడు ‘శతమారి’ అనే పాత చమత్కారాన్ని గుర్తు చేస్తారు. నూరుమందిని చంపితేగాని వైద్యుడు కాలేడని దాని భావం. మొదటి మాట నైపుణ్యాన్ని చేతిలోని అదృష్టంగా భావిస్తుంది. రెండో మాట ఆ నైపుణ్యానికి మూల్యం రోగి ప్రాణమేనని భయపడుతుంది. మెప్పులోనూ ఎగతాళిలోనూ ఒక విషయం లోపించింది. అది శిక్షణ. చదువుకున్నవాడు చికిత్స చేసేవాడుగా మారేలోపు ఏం జరగాలన్న ప్రశ్నకు ఈ రెండు మాటల్లోనూ జవాబు లేదు.

ఆ జవాబును వెదకదగిన ప్రాచీన గ్రంథాల్లో సుశ్రుతసంహిత ముఖ్యమైనది. అయితే ఈ గ్రంథం గురించి జరిగే చర్చ తరచుగా రెండు కొసల మధ్య ఊగుతూ ఉంటుంది. ఆధునిక శస్త్రచికిత్స అంతా ఇందులోనే ఉందనే పొగడ్త ఒకటి, కాలం చెల్లిన గ్రంథంతో పనేమిటనే తిరస్కారం మరొకటి. 2022లో జాతీయ వైద్య కమిషన్ వైద్యవిద్యార్థులకు చరకశపథాన్ని సిఫారసు చేసినప్పుడు తలెత్తిన వాదోపవాదాలు కూడా చాలావరకు ఈ రెండు కొసల మధ్యనే సాగాయి. గ్రంథం నిజంగా ఏం చెబుతోంది, ఎవరికి చెబుతోంది, ఎవరిని విడిచిపెడుతోంది అన్న ప్రశ్నలు వెనుకబడ్డాయి. ఆ ప్రశ్నలను ముందుకు తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. గ్రంథస్వరూపం - శిక్షణాక్రమం

సుశ్రుతసంహిత కాశీరాజైన దివోదాస ధన్వంతరి సుశ్రుతాది శిష్యులకు చేసిన బోధగా నడుస్తుంది. ఇది ఒకే కాలంలో, ఒకే చేతిమీదుగా వెలువడిన గ్రంథం కాదు. ఉత్తరతంత్రం తరువాత చేరిందని పండితుల అభిప్రాయం. నాగార్జునుడు దీనిని ప్రతిసంస్కరించాడని 12వ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత డల్హణుడు పేర్కొన్నాడు. కాబట్టి ఇందులో కనిపించే విద్యావిధానాన్ని ఒక వ్యక్తి ఆలోచనగా గాక, ఒక సంప్రదాయం క్రమంగా కూర్చుకున్న నియమావళిగా చదవడం సముచితం.

వైద్యవిద్యకు సంబంధించిన విషయాలు సూత్రస్థానం తొలి అధ్యాయాల్లోనే వస్తాయి. రెండో అధ్యాయం శిష్యోపనయనాన్ని, మూడోది అధ్యయనవిధిని, నాలుగోది అర్థవివరణ ఆవశ్యకతను చెబుతాయి. తొమ్మిదో అధ్యాయం యోగ్యను, అంటే చేతిపని అభ్యాసాన్ని వివరిస్తుంది. పదో అధ్యాయం శిక్షణ ముగిసిన వైద్యుడు వీధిలోకి అడుగుపెట్టే సందర్భాన్ని చెబుతుంది. రోగాల వర్ణన, చికిత్సల వివరణ విస్తరించకముందే వైద్యుణ్ణి తయారు చేసే పద్ధతిని చెప్పడం గమనించదగిన అంశం.

3. పరస్పర ప్రతిజ్ఞ

శిష్యునికి ఉండవలసిన గుణాలుగా వయస్సు, శీలం, శౌర్యం, శౌచం, వినయం, బలం, మేధ, ధృతి, స్మృతి మొదలైనవాటిని గ్రంథం పేర్కొంది. నాలుక, పెదవులు, దంతాలు సన్ననివిగా ఉండాలని, ముఖం, కళ్ళు, ముక్కు తీరుగా ఉండాలని కూడా చెప్పింది. శరీరలక్షణాలను బట్టి యోగ్యతను నిర్ణయించే ఈ పద్ధతి నేటి పాఠకునికి అంగీకారయోగ్యం కాదు.

అయితే ఉపనయన సందర్భంలో జరిగే ప్రతిజ్ఞ ప్రత్యేకంగా చర్చించదగింది. కామక్రోధాదులను విడిచి, సత్యవ్రతంతో, గురువు మాటకు కట్టుబడి నడుచుకోవాలని అగ్నిసాక్షిగా శిష్యునికి చెబుతారు. అక్కడితో ఆగితే అది ఏకపక్ష విధేయత అవుతుంది. కాని వెంటనే గురువు కూడా తనను తాను కట్టివేసుకుంటాడు. శిష్యుడు సక్రమంగా నడుచుకుంటుండగా తాను మరోలా చూస్తే తనకు పాపం అంటుతుందని, తన విద్య నిష్ఫలమవుతుందని అంటాడు. అధికారం ఉన్నవాడు అధికారం లేనివాడి ఎదుట మాట ఇవ్వడం ఇందులోని విశేషం.

చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలోనూ ఇలాంటి అనుశాసనం ఉంది. రోగి ఇంట తెలిసిన విషయాలను బయటపెట్టకూడదని, ఎంత తెలిసినా తన జ్ఞానాన్ని గురించి గొప్పలు చెప్పుకోకూడదని అది శాసిస్తుంది. గురువు ఆజ్ఞ అయినా అధర్మాన్ని కలిగించేదైతే పాటించనక్కరలేదని మినహాయింపు కూడా ఇస్తుంది. అదే అధ్యాయం విద్యార్థి మొదట శాస్త్రాన్ని, తరువాత ఆచార్యుణ్ణి పరీక్షించి ఎన్నుకోవాలని చెబుతుంది. ఆచార్యుని లక్షణాల్లో చికిత్సాకర్మలను ప్రత్యక్షంగా చూసి ఉండటం ఒకటి. అంటే శిష్యుడు పరీక్షింపబడేవాడే కాదు, పరీక్షించేవాడు కూడా.

4. శాస్త్రం - కర్మ

అధ్యయనవిధిలో ఉచ్చారణకు గ్రంథం ఎంతో ప్రాధాన్యమిచ్చింది. మరీ వేగంగా గాని, మరీ మెల్లగా గాని చదవకూడదు, అక్షరాలు స్పష్టంగా పలకాలి, చదువుకుంటున్న గురుశిష్యుల మధ్య నుంచి ఎవరూ నడవకూడదు. మౌఖిక సంప్రదాయంలో ఒక అక్షరం జారితే ఒక ఔషధం మారిపోవచ్చు. ఈ జాగ్రత్తకు ఆ స్పృహ ఒక కారణం కావచ్చు.

అయినా కంఠస్థం చేయడాన్ని గ్రంథం గమ్యంగా భావించలేదు. అర్థం తెలియకుండా చదివినవాణ్ణి నాలుగో అధ్యాయం చందనపుమోపు మోసే గాడిదతో పోల్చింది. గాడిదకు తెలిసేది బరువు మాత్రమే, పరిమళం కాదు. ఒకే శాస్త్రం చదివినవాడు నిర్ణయానికి రాలేడని, వైద్యుడు బహుశ్రుతుడై ఉండాలని కూడా అక్కడే చెప్పింది.

అంతకన్నా పదునైన వివేచన మూడో అధ్యాయంలో ఉంది. శాస్త్రం మాత్రమే తెలిసి కర్మ తెలియనివాడు రోగిని చూడగానే యుద్ధరంగంలోని పిరికివాడిలా బెంబేలెత్తిపోతాడు. కర్మ మాత్రమే తెలిసి శాస్త్రం తెలియనివాడు మొండిధైర్యంతో ప్రవర్తించి సజ్జనుల గౌరవాన్ని పోగొట్టుకోవడమే కాక రాజదండనకు కూడా అర్హుడవుతాడు. ఇద్దరూ ఒంటిరెక్క పక్షులే. ఈ పోలికలో రెండు రెక్కలకూ సమాన ప్రాధాన్యం కనిపిస్తున్నా దండన విషయంలో తేడా ఉంది. మొదటివాని లోపం అతన్ని ఆపివేస్తుంది. రెండోవాని లోపం ఎదుటివాని ప్రాణం మీదికి వస్తుంది. గ్రంథదృష్టి రోగివైపే ఉందనడానికి ఈ తేడాయే నిదర్శనం.

5. యోగ్య: తప్పు చేయడానికి ఒక చోటు

సూత్రస్థానంలో శిక్షణపరంగా అత్యంత మౌలికమైనది తొమ్మిదో అధ్యాయం. సర్వశాస్త్రార్థాలు తెలిసినా యోగ్య చేయనివాడు కర్మకు అర్హుడు కాడని అది స్పష్టం చేస్తుంది. శస్త్రకర్మలు ఎనిమిది రకాలు. వాటిలో ఒక్కొక్కదానికీ అభ్యాసవస్తువును నిర్దేశించింది.

ఛేద్యానికి, అంటే కోసి తీసివేయడానికి, గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయలు. భేద్యానికి, అంటే చీల్చడానికి, నీరు, బురద నింపిన తోలుసంచులు, పశువుల మూత్రాశయాలు. లేఖ్యానికి, అంటే గీకడానికి, వెంట్రుకలున్న చర్మం. వేధ్యానికి, అంటే గుచ్చడానికి, చనిపోయిన పశువుల సిరలు, కలువకాడలు. ఏష్యానికి, అంటే గాయం లోతును వెదకడానికి, పురుగు తొలిచిన కర్ర, వెదురు, ఎండిన సొరబుర్ర మూతి. ఆహార్యానికి, అంటే బయటికి లాగడానికి, పనస, మారేడు పండ్ల గుజ్జు, చనిపోయిన పశువుల దంతాలు. విస్రావ్యానికి, అంటే ద్రవాన్ని వెలికి తీయడానికి, మైనం పూసిన బూరుగుపలక. సీవ్యానికి, అంటే కుట్టడానికి, గుడ్డ అంచులు, మెత్తని తోలు అంచులు. వీటికి తోడు కట్లు కట్టడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మలు, క్షారాగ్నికర్మలకు మెత్తని మాంసఖండాలు చెప్పింది.

ఈ జాబితాను వట్టి వస్తుపట్టికగా చూస్తే దాని విలువ తెలియదు. ప్రతి వస్తువూ మానవదేహంలోని ఒక ధర్మాన్ని అనుకరిస్తుంది. నీటితో బిగిసిన తోలుసంచి చీము పట్టిన వ్రణాన్ని తలపిస్తుంది. పురుగు తొలిచిన కర్ర వంకరటింకరగా పోయే నాడీవ్రణపు దారిని తలపిస్తుంది. ఎంత నొక్కితే ఎంత లోతు దిగుతుందో చేతికి తెలియాలి. ఆ తెలివిడి శ్లోకం ద్వారా రాదు, చేయగా చేయగా రావాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, సొరకాయ మీద తప్పు చేయవచ్చు. తప్పు చేయకుండా ఎవరూ నేర్చుకోలేరు. కాని వైద్యుని తప్పు ప్రాణాంతకం కావచ్చు. ఈ వైరుధ్యానికి గ్రంథం చూపిన పరిష్కారం, తొలితప్పులను రోగిదేహం నుంచి తప్పించి నిర్జీవవస్తువు మీదికి మళ్ళించడం. ‘శతమారి’ చమత్కారానికి తొమ్మిదో అధ్యాయం సరైన సమాధానం. ‘హస్తవాసి’ అని లోకం పిలిచే గుణంలో చాలాభాగం అదృష్టం కాదని, అది కృతయోగ్యమైన చేయి అని కూడా ఈ అధ్యాయం సూచిస్తుంది.

6. శవపరిశీలన

శారీరస్థానం ఐదో అధ్యాయం ఇదే సూత్రాన్ని మరో మెట్టు పైకి తీసుకుపోతుంది. శల్యజ్ఞానం కోరేవాడు మృతదేహాన్ని శోధించి అంగనిశ్చయం చేసుకోవాలని అక్కడ చెప్పింది. ఆ దేహం సమగ్రావయవాలతో ఉండాలి. విషంవల్ల గాని, దీర్ఘవ్యాధివల్ల గాని చనిపోయినవానిది కాకూడదు. దానిని ముంజగడ్డి, నార, దర్భ మొదలైనవాటితో చుట్టి, పంజరంలో ఉంచి, మెల్లగా పారే నీటిలో మరుగైన చోట ఉంచాలి. ఏడు రాత్రుల తరువాత వెలికి తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో నెమ్మదిగా రాస్తూ చర్మం మొదలు లోపలి భాగాల వరకు ఒక్కొక్కటే కంటితో చూడాలి. కంటితో చూసినదీ శాస్త్రంలో చదివినదీ కలిసినప్పుడే జ్ఞానం పెరుగుతుందని ఈ ప్రకరణ సారాంశం.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. కుళ్ళిన దేహంలో మృదువైన భాగాల స్వరూపం యథాతథంగా నిలవదు. శల్యతంత్రం ప్రకారం ఎముకల సంఖ్య మూడువందలు. పెద్దవారిలో 206 ఎముకలుంటాయని ఆధునికశాస్త్రం లెక్కిస్తోంది. దంతాలను, మృదులాస్థులను కూడా ఎముకలుగా లెక్కించడం ఈ తేడాకు ఒక కారణం. అయినా ఆప్తవాక్యానికి అత్యంత గౌరవమున్న సంప్రదాయంలో ప్రత్యక్షాన్ని దాని పక్కన కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు.

ఒక విషయంలో మాత్రం గ్రంథం మౌనం వహించింది. దేహం ఎలా ఉండాలో వివరంగా చెప్పింది గాని అది ఎవరిదో, ఎవరి అనుమతితో తెచ్చుకోవాలో చెప్పలేదు. ఈ ప్రశ్న ఆధునిక యుగంలోనూ తీరలేదు. స్వచ్ఛంద దేహదానాలతోపాటు, ఎవరూ తమవారని చెప్పుకోని మృతదేహాలు కూడా చట్టప్రకారం నేటి వైద్యకళాశాలలకు చేరుతున్నాయి. విద్యార్థి మొదటి పాఠం చాలాసార్లు దిక్కులేనివాని దేహంమీదే మొదలవుతుంది.

7. రాజానుజ్ఞ

శాస్త్రం చదివి, అర్థం గ్రహించి, కర్మలను చూసి, యోగ్య చేసి, శాస్త్రాన్ని ఇతరులకు చెప్పగలిగి, రాజు అనుమతి పొందినవాడే వైద్యవృత్తిలోకి ప్రవేశించాలని పదో అధ్యాయం నిర్దేశిస్తుంది. గోళ్ళు, వెంట్రుకలు కత్తిరించుకుని శుచిగా, తెల్లని వస్త్రాలతో, అనాడంబరమైన వేషంతో వెళ్ళాలి. ఈ వరుసలో రాజానుజ్ఞ చివరిది. అనుమతి అర్హతకు ముద్ర మాత్రమే, దానికి ప్రత్యామ్నాయం కాదు. కువైద్యుడు లోభంతో జనాన్ని చంపుతున్నాడంటే అందులో రాజుదోషం ఉందని మూడో అధ్యాయం తేల్చిచెప్పింది. అనర్హుడైన వైద్యుడు ఉండటం వ్యక్తిగత నేరం మాత్రమే కాదు, రాజ్యవైఫల్యం కూడా.

8. ద్వారం వెలుపల నిలిచినవారు

ఇంతటి వివేకం చూపిన గ్రంథం ప్రవేశద్వారం దగ్గర వర్ణనియమాన్ని నిలబెట్టింది. బ్రాహ్మణుడు మూడు వర్ణాలవారికి, క్షత్రియుడు రెండు వర్ణాలవారికి, వైశ్యుడు వైశ్యునికి మాత్రమే ఉపనయనం చేయవచ్చు. కులగుణసంపన్నుడైన శూద్రుణ్ణి ఉపనయనం లేకుండా, మంత్రం లేకుండా చదివించవచ్చని కొందరి అభిప్రాయంగా పేర్కొంది. ‘కొందరు’ అన్న ఆ మాట ముఖ్యమైనది. ఈ విషయంలో ఆనాడే భిన్నాభిప్రాయం ఉండేదని అది తెలుపుతుంది. చరకసంహిత సూత్రస్థానం ముప్ఫయ్యో అధ్యాయంలోనూ ఇటువంటి ఊగిసలాటే ఉంది. ఆయుర్వేదం మూడు వర్ణాలవారు చదవదగినదని చెప్పి, ఆ వెంటనే ధర్మార్థకామాల కోసం అందరూ చదవవచ్చనే ప్రత్యామ్నాయాన్నీ ఇచ్చింది.

స్త్రీల స్థానం మరింత ఆలోచింపజేస్తుంది. శిష్యుల గురించి చెప్పిన చోట స్త్రీ ప్రసక్తి లేదు. కాని శారీరస్థానం పదో అధ్యాయంలో ప్రసవసమయంలో పరిచర్యకు నలుగురు స్త్రీలు ఉండాలని చెప్పింది. వారు పరిణతవయస్కులు, ప్రసవం చేయించడంలో కుశలులు, గోళ్ళు కత్తిరించుకున్నవారు కావాలి. గోళ్ళు కత్తిరించుకోవడం పదో సూత్రాధ్యాయంలో వైద్యునికి విధించిన నియమమే. అంటే స్త్రీల చేతినైపుణ్యాన్ని గ్రంథం గుర్తించింది, నమ్మింది, వినియోగించుకుంది. ఆ చేతికి శాస్త్రాన్ని మాత్రం అందించలేదు. గ్రంథం స్వయంగా నిందించిన ఒంటిరెక్క స్థితిలోనే వారిని ఉంచింది.

రోగుల విషయంలోనూ ఇదే ద్వంద్వం ఉంది. దరిద్రులను, అనాథలను, దూరదేశాల నుంచి వచ్చినవారిని సొంత బంధువుల్లా భావించి తన మందులతో చికిత్స చేయాలని రెండో అధ్యాయం ఆదేశిస్తుంది. అదే అధ్యాయం వేటగాళ్ళకు, పక్షులను పట్టేవారికి, పతితులకు, పాపకర్ములకు చికిత్స చేయవద్దంటుంది. కరుణకు కూడా హద్దు గీసిన ఈ వాక్యాన్ని దాచి మొదటి వాక్యాన్ని మాత్రమే ఉదాహరించడం విమర్శధర్మం కాదు.

9. గ్రంథం, చేయి వేరైన చరిత్ర

ద్వారం మూసివేసినంత మాత్రాన విద్య లోపలే ఉండిపోలేదు. 1794లో లండన్ పత్రిక ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ కవాస్‌జీ అనే బండివానికి పుణె సమీపంలో జరిగిన ముక్కు పునర్నిర్మాణాన్ని వర్ణించింది. ఆ శస్త్రచికిత్స చేసినవాడు ఇటుకలు చేసే కులానికి చెందినవాడని ఆ వార్త తెలిపింది. సుశ్రుతసంహిత సూత్రస్థానం పదహారో అధ్యాయం ముక్కుకొలతకు ఆకును కత్తిరించి, చెంప నుంచి చర్మం తీసి అతికించే పద్ధతిని చెబుతుంది. పుణెలో చర్మం తీసింది నుదుటి నుంచి. కాబట్టి ఒకదాని నుంచి మరొకటి నేరుగా వచ్చిందని చెప్పలేం. కాని ఒక సంగతి మాత్రం స్పష్టం. శాస్త్రాధికారం లేని కులంలో శస్త్రనైపుణ్యం సజీవంగా ఉంది.

దీనికి ఎదురుకొసలో మధుసూదన గుప్త కనిపిస్తాడు. ఆయన ఆయుర్వేదపండితుడు. సుశ్రుతసంహిత ముద్రణకు సంపాదకత్వం వహించినవాడు. 1836లో, అంతకుముందు ఏడాదే స్థాపితమైన కలకత్తా వైద్యకళాశాలలో, ఆయన మానవదేహాన్ని కోయడం సంచలనం కలిగించింది. శవపరిశీలనను విధించిన గ్రంథాన్ని గౌరవించే సమాజంలోనే ఆ పని సాహసకృత్యమైంది. అక్షరం మిగిలింది, ఆచరణ తెగిపోయింది.

ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచితే సుశ్రుతుని ఒంటిరెక్క పోలిక చరిత్రకే వర్తిస్తుంది. ఒకచోట గ్రంథం లేని చేయి, మరొకచోట చేయి లేని గ్రంథం. గ్రంథం కోరిన కలయికను గ్రంథంలోని ప్రవేశనియమమే కష్టసాధ్యం చేసిందని చెప్పడం అసంగతం కాదు. దేహాన్ని తాకడం పట్ల సమాజంలో బలపడిన అశుచిభావన దానికి తోడై ఉండవచ్చు.

10. నేటి వైద్యవిద్య వెలుగులో

నేడు వర్ణనియమం లేదు. రాజ్యాంగం, రిజర్వేషన్లు ద్వారాన్ని వెడల్పు చేశాయి. తెలుగు రాష్ట్రాల్లో 2017 నుంచి ఎంసెట్ స్థానంలో నీట్ ద్వారా ఎంబీబీఎస్ ప్రవేశాలు జరుగుతున్నాయి. కన్వీనర్, మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాల మధ్య ఫీజుల్లో ఉన్న అంతరం ద్వారం దగ్గర మరోరకం కాపలా ఇంకా ఉందని గుర్తు చేస్తుంది.

ప్రవేశపరీక్ష చేతినైపుణ్యాన్ని పరీక్షించదన్న విమర్శ వినిపిస్తుంది. సుశ్రుతుడు కూడా ప్రవేశసమయంలో దానిని పరీక్షించలేదు. దానిని తరువాతి శిక్షణకు వదిలాడు. కాబట్టి అడగవలసిన ప్రశ్న ప్రవేశం తరువాత యోగ్యకు ఎంత చోటుందన్నది. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్‌సర్జన్ శిక్షణ నేటి క్రమం. 2019 నుంచి అమలులోకి వచ్చిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక నైపుణ్యప్రయోగశాలలకు, రోగితో సంభాషణకు, నైతికతకు స్థానం కల్పించింది. బొమ్మదేహంపై సూది గుచ్చడం, స్పంజిపై కుట్లు వేయడం సుశ్రుతుని సొరకాయకు, తోలు అంచుకు నేటి రూపాలు.

అయితే హౌస్‌సర్జన్ సంవత్సరం అవతల పీజీ ప్రవేశపరీక్ష నిలిచి ఉంటుంది. చేయి నేర్చుకోవలసిన ఏడాదిని మళ్ళీ పుస్తకమే పంచుకుంటుంది. మరోవైపు, ఉస్మానియా, గాంధీ, కింగ్ జార్జ్ వంటి బోధనాసుపత్రులకు ఉచితవైద్యం కోసం వచ్చేవారిలో అత్యధికులు పేదలు. నైపుణ్యప్రయోగశాలలో జరగవలసిన అభ్యాసం అక్కడ జరగకపోతే దాని భారం ఆ మంచాల మీద పడుకున్నవారే మోయాలి. ఆ నైపుణ్యం పండిన తరువాత దాని ఫలం డబ్బు చెల్లించగల రోగికి అందడం లోకంలో కనిపిస్తూనే ఉంది. యోగ్య ఇందువల్లనే బోధనాపద్ధతిగా మిగిలిపోదు, సామాజికన్యాయానికి సంబంధించిన విషయమవుతుంది.

11. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. సుశ్రుతసంహిత వైద్యశిక్షణను శాస్త్రం, కర్మల సమన్వయంగా భావించింది. నేర్చుకునేవాని తొలితప్పుల నుంచి రోగిని కాపాడటమే యోగ్య లక్ష్యం.

2. ప్రతిజ్ఞ శిష్యునితోపాటు గురువునూ బంధిస్తుంది. అనర్హవైద్యానికి రాజ్యం బాధ్యత వహించాలని గ్రంథం భావించింది.

3. వర్ణనియమం, స్త్రీలకు శాస్త్రం అందించకపోవడం, కొందరు రోగులను మినహాయించడం గ్రంథపు స్పష్టమైన పరిమితులు. ఇవి నైతికలోపాలు మాత్రమే కావు. శాస్త్రం, చేయి కలవాలన్న గ్రంథలక్ష్యానికే విరుద్ధాలు.

4. 1794, 1836 నాటి ఘట్టాలు గ్రంథం, నైపుణ్యం వేరువేరు చోట్ల మిగిలిన స్థితిని చూపుతాయి. శ్లోకం నిలిచినంత మాత్రాన విద్య నిలవదు.

5. ప్రాచీనగ్రంథాన్ని నేటి వైద్యవిద్యలోకి తేవాలంటే శపథపాఠం ఒక్కటీ చాలదు. తొలితప్పు ఎవరి దేహంమీద జరుగుతోందన్న ప్రశ్నను ప్రతి బోధనాసుపత్రిలోనూ అడగాలి. ఆ ప్రశ్న వేయడం నేర్పినందుకు సుశ్రుతసంహితను గౌరవించాలి. దానికి అందరికీ వర్తించే సమాధానం ఇవ్వలేకపోయినందుకు విమర్శించాలి.